ఆష్‌మోర్ దొర ఆకుపచ్చ పుస్తకం

కళావతిని మనం విడిచిపెట్టింది పోయిన శుక్రవారం, కువైట్‌లోని అహ్మదిలో చమురు కంపెనీ బంగళా వెనక తలుపు దగ్గర. ఆ దేశంలో పనివాళ్ళు ఇంటి పెద్దావిడను మామా అంటారు. ఎనభై అయిదేళ్ళ హెస్టర్ మామా టేపు వేసి తన చేతిలో పెట్టిన పొట్లాన్ని కళావతి రెండు రోజులు బియ్యం బస్తాలో దాచి, చివరికి తమ ఊరివాడైన పెంచల్‌కు అప్పగించి, వాడు పనిచేసే సబ్హాన్ అనే చోటికి పంపించేసింది. "ఇందులో మా ముత్తాత ఆష్‌మోర్ దొర రాసుకున్న పుస్తకం ఉంది. నా కొడుకు కంటబడితే కాల్చేస్తాడు. ఈ ఇంట్లో ఉండకూడదు," అని మాత్రమే చెప్పింది ముసలామె. ఎందుకు కాలుస్తాడో చెప్పలేదు. కళావతి అడగలేదు. రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చి పదకొండేళ్ళుగా కువైట్ ఇళ్ళలో పనిచేస్తున్న మనిషికి, అడక్కూడని ప్రశ్నలేవో బాగానే తెలుసు.

నాలుగు రోజులు ఏమీ జరగలేదు. భయం కూడా కాస్త పలచబడింది. మంగళవారం నాడు దుమ్ము లేచింది.

పదకొండింటికే ఆకాశం పసుపు తిరిగి, పన్నెండయ్యేసరికి ఇటుక రంగయింది. బడులకు సెలవిచ్చేశారని ఫోన్లో వార్త వచ్చింది. కళావతి తడి తువ్వాళ్ళు తెచ్చి కిటికీ సందుల్లో కుక్కింది. అయినా ఎక్కణ్ణుంచి దూరుతుందో గానీ, మన్ను పళ్ళ కింద కరకరలాడుతూనే ఉంది. మామాకు మధ్యాహ్నం మందులిచ్చి, పడుకోబెట్టి, వంటింట్లో గిన్నెలు తోముతూ ఉండగా బయట కారు ఆగిన చప్పుడు వినపడింది.

మామా కొడుకు డెరెక్ సార్ అయిదింటికి గానీ రాడు. గోడ గడియారంలో ఒకటిన్నర.

ఆయన లోపలికి వచ్చి, తలుపు మూసి, గడియ పెట్టాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో నెమ్మదిగా తుడుచుకున్నాడు. ఎర్రటి మొహం, తెల్లటి కనుబొమ్మలు, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఏడాదిన్నరగా ఈ ఇంట్లో పనిచేస్తున్నా కళావతి ఆయన నోట ఒక్క కసురు మాట వినలేదు.

"అమ్మ నిద్రపోతోందా?"

"అవును సార్."

"అయితే వచ్చి కూర్చో."

పదకొండేళ్ళలో ఏ యజమానీ కళావతిని కుర్చీలో కూర్చోమనలేదు. చీపురు పట్టుకో, బిడ్డను ఎత్తుకో, ఇక్కడ నిలబడు అన్నవాళ్ళే. కూర్చోమన్నారంటే ఏదో పెద్దదే ముంచుకొచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, భోజనాల బల్ల దగ్గర కుర్చీ అంచు మీద కూర్చుంది.

ఆయన జేబులోంచి ఒక నీలం పుస్తకం తీసి ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాడు. అది ఆమె పాస్‌పోర్టు. ఆయన బీరువాలో ఉండాల్సింది.

"వచ్చే వారం నీ ఇఖామా గడువు ముగుస్తుంది, ఆ తర్వాత నువ్వు ఈ దేశంలో ఉండటానికి వీల్లేదు. రెన్యువల్ చేసి, రెండు నెలలు సెలవిచ్చి, టికెట్ కొనిద్దామనుకున్నాను. నాలుగేళ్ళయింది కదా నువ్వు ఇంటికి వెళ్ళి?"

"అవును సార్."

"అమ్మ గదిలో ఒక పాత పుస్తకం ఉండేది. ఆకుపచ్చ అట్ట. అది కనబడటం లేదు. ఎక్కడుందో చెప్పు, ఈ మాట ఇక్కడితో మరిచిపోతాను."

"నాకు తెలీదు సార్."

అబద్ధం నోట్లోంచి వచ్చాక కళావతికి తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. ఆయన కోప్పడలేదు. పాస్‌పోర్టు మీద పడ్డ దుమ్మును వేలితో తుడిచాడు.

"పోలీసులకు చెప్పడం నాకిష్టం లేదు. కానీ మా కుటుంబంలో నూట డెబ్భై ఏళ్ళుగా ఉన్న వస్తువు అది. పోతే దొంగతనమనే రాసిస్తాను. తర్వాత ఏం జరుగుతుందో నీకు తెలుసు."

తెలుసు. తనలాగే కువైట్ వచ్చిన గురమ్మకు జరిగింది ఊరంతా చూసింది. గురమ్మ పనిచేసే ఇంట్లో మెడ గొలుసు కనబడలేదు. ఆమె తీయలేదని తర్వాత ఇంటివాళ్ళకే తెలిసింది, పరుపు కింద దొరికింది. కానీ అప్పటికే ఆమె పదివేళ్ళ ముద్రలూ తీసుకుని, తొంభై మంది ఆడవాళ్ళున్న గదిలో నెలన్నర ఉంచి, కట్టుబట్టలతో విమానం ఎక్కించేశారు. వేలిముద్ర పడ్డాక గల్ఫ్‌లో ఏ దేశమూ ఇక రానివ్వదు. గురమ్మ ఇప్పటికీ ఎవరైనా తలుపు తడితే ముందు గోడ వైపు తిరిగి చేతులు పైకెత్తుతుందట.

"తెలీదు సార్," అంది కళావతి మళ్ళీ.

"ఆ అమ్మాయిని వదిలెయ్, డెరెక్."

హెస్టర్ మామా గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో, చక్రాల కుర్చీ లేకుండా గోడ పట్టుకుని అంత దూరం ఎట్లా నడిచిందో. రాత్రి వేసుకునే తెల్ల గౌనులో, బయటి ఎర్ర వెలుగు కిటికీలోంచి పడి, మనిషి రంగే మారిపోయి ఉంది. కళావతి పరుగున వెళ్ళి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"నువ్వు వెళ్ళి పడుకో అమ్మా. ఇది నీకు సంబంధం లేని విషయం."

"నాకు కాక ఎవరికి సంబంధం? ఆయన నా ముత్తాత." ముసలామె కుర్చీలో కూర్చుంది. "ఆయన మీద నువ్వు రాసిన పుస్తకం చదివాను. ఐర్లండ్ కరువులో మూడు వందల మందికి అన్నం పెట్టిన మహానుభావుడు. వచ్చే నెల అక్కడి మన పాత బంగళాని మ్యూజియం చేసి, గుమ్మంలో ఆయన విగ్రహం పెడతారట. ఆయన తన చేత్తో రాసుకున్నదేమిటో నువ్వూ చదివావు. అయినా అట్లా రాశావు."

వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నది ఇంగ్లీషులోనే. వేగం ఎక్కువైనా కళావతికి చాలా మటుకు అందుతోంది. ఈ ఏడాదిన్నరలో మామా తన ఊరి సంగతులు చెప్పీ చెప్పీ ఆమె మాట తీరు అలవాటయింది. ఐర్లండ్‌లో వాళ్ళ ఊరి పేరు బల్లిడారా. బల్లి అంటే ఆ భాషలో ఊరని చెబితే ఒకరోజు ఇద్దరూ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వుకున్నారు. ఇప్పుడా ముసలామె మొహంలో నవ్వు ఆనవాలు లేదు.

"వినిపిస్తాను విను," అంది కొడుకుతో. "చూడకుండా చెప్పగలను. ఏడేళ్ళప్పుడు మా నాయన గదిలో దొంగతనంగా చదివాను, ఇప్పటిదాకా ఒక్క అక్షరం మరిచిపోలేదు. పద్దెనిమిది వందల నలభై ఎనిమిది, ఫిబ్రవరి పది. మొదటి ఇల్లు. విధవ, నలుగురు పిల్లలు. ఎదురు చెప్పలేదు. పదింటికల్లా కప్పు దించేశాం. రెండో ఇల్లు ఖాళీ. మూడో ఇల్లు, మలాకీ హోరన్. భార్య, అయిదుగురు పిల్లలు, లేవలేని తల్లి. ముసలిదాన్ని తలుపు రెక్క మీద పడుకోబెట్టి బయటికి మోయించి, గుంట పక్కన దించాం. మంచు పడుతోంది. మధ్యాహ్నానికి పని అయింది." ఆమె ఊపిరి తీసుకుంది. "మర్నాడు ఆ ముసలామె పేరు పక్కన చిన్న సిలువ గుర్తు పెట్టాడు. అంతే, ఇంకేం రాయలేదు. అట్లా కౌలు కట్టలేని అరవై రెండు ఇళ్ళు, మూడు రోజులు. సిలువలు ఎన్నో చెప్పమంటావా?"

"ఆయన గంజి పోశాడు. అది నిజం కాదా?"

"నిజమే. భూమి వదులుకుంటున్నామని కాగితం మీద నిశానీ వేసినవాళ్ళకు పోశాడు. వెయ్యనివాళ్ళ పేర్లు వేరే పేజీలో ఉన్నాయి."

కళావతికి చిన్నప్పుడు వాళ్ళ అవ్వ చెప్పే ధాత కరువు కథ గుర్తొచ్చింది. డొక్కలెండిపోయిన జనం తోలుముక్కలు ఉడకబెట్టుకుని తిన్న కాలంలో, సేరు జొన్నలకు చెరువు కింద మడి రాయించుకున్న ఆసామి గురించి చెబుతూ అవ్వ ఒకటే మాట అనేది: "బువ్వ పెట్టి భూమి తీసుకున్నోడు." ఆ మాటకు ఇంగ్లీషేమిటో తెలియక గానీ, తెలిసి ఉంటే ఆ క్షణాన నోరు జారేదే.

డెరెక్ సార్ తల దించుకున్నాడు. మళ్ళీ ఎత్తేసరికి ఆ మొహంలో కళావతి ఎప్పుడూ చూడనిది కనిపించింది. ఆయన కూడా భయపడుతున్నాడు.

"ఆ అరవై రెండు ఇళ్ళవాళ్ళ మనవళ్ళు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు, అమ్మా. నా కూతురు అక్కడే కాపురం ఉంటోంది. నా మనవడు వాళ్ళ పిల్లలతో బడికి పోతాడు. ఆ పుస్తకం బయటపడితే వాడి పక్కన ఎవరు కూర్చుంటారు? నీ చిన్నప్పుడు కిటికీలకు ఇనప రెక్కలు ఎందుకుండేవో నువ్వే కదా నాకు చెప్పావు. మీ తాత మీద రెండుసార్లు తుపాకీ పేల్చారని కూడా."

"అందుకే బయటపడాలి. ఆ రెక్కలు మూసుకుని మా నాయన బతికాడు, నేను బతికాను. ఇక చాలు."

ఆయన ఫోను తీసి, ఒక ఫొటో కళావతి ముందు పెట్టాడు. కాంపౌండు గేటు దగ్గర వాచ్‌మన్ షావలి రాసే రిజిస్టరు. శుక్రవారం, పదకొండున్నర, పెంచల్, సబ్హాన్, ఒక సంచితో బయటికి. కింద పెంచల్ పనిచేసే ఏసీ సామాన్ల గోడౌను పేరు, ఫోను నంబరు కూడా ఉన్నాయి.

"ఇతను నీకేమవుతాడు?"

కళావతి ఫోను మీంచి చూపు తిప్పేసింది.

"సరే. అతన్నే అడుగుతాను." ఆయన పాస్‌పోర్టు తీసి జేబులో పెట్టుకున్నాడు. తల్లి ఫోను ఆయన దగ్గరే ఉంటుంది, దాన్ని కూడా తడిమి చూసుకున్నాడు. తలుపు తెరవగానే ఎర్రటి దుమ్ము చాప పరిచినట్టు లోపలికి వచ్చింది. కారు కదిలిన చప్పుడు కొద్దిసేపట్లోనే ఆ గాలిలో కలిసిపోయింది.

కళావతి వంటింట్లోకి పరిగెత్తి పెంచల్‌కు ఫోన్ చేసింది. మూడుసార్లు కలవలేదు. నాలుగోసారి ఎత్తాడు.

"పెంచలా, యాడుండావు?"

"గోడౌన్లోనే కళక్కా. దుమ్ముకి షట్టర్లేసేసినారు. ఏమైంది, గొంతు అట్టుంది?"

"నేనిచ్చిన పొట్లం యాడ పెట్నావు?"

"ఈన్నే, నా లాకర్లో."

"మా సార్ దానికోసం నీకాడికే వస్తాండాడు. నువ్వు ఆడుండొద్దు. పొట్లం తీసుకోని యాడికన్నా పో."

పెంచల్ ఇఖామా వీసా ఇచ్చిన ఒక కఫీల్ పేరు మీద ఉంది, దొంగచాటుగా పనిచేసేది మరొకరి దగ్గర. ఎవరైనా పోలీసును వెంటబెట్టుకుని ఆ గోడౌన్లో అడుగుపెడితే, పుస్తకం సంగతి తర్వాత, ముందు దొరికేది వాడే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"కళక్కా, ఒక మాట చెప్తా, తిట్టగాకు. నిన్న ఆ పొట్లం ఇప్పి చూసినా. ఏందో పాత వస్తువంటివి గదా, చెదలు పడ్తాదేమోనని."

"చూస్తే చూసినావులే."

"అది పాత పుస్తకం గాదక్కా. కేకులు చేసే పుస్తకం. పేజీపేజీకీ బొమ్మలుండాయి."

"ఏం మాట్లాడ్తాండావు?"

"నాకు ఇంగ్లీషు రాకపోతే రాకపోయె, కేకు తెలీదా? దీనికోసం మీ సార్ ఇంత దుమ్ములో రావడమేంది?"

ఆ పొట్లానికి టేపు వేసింది కళావతి కాదు, మామా. "ముందు నువ్వు ఆణ్ణుంచి పో," అని చెప్పి ఫోను పెట్టేసి హాల్లోకి వచ్చింది.

హెస్టర్ మామా ఈలోగా తన చక్రాల కుర్చీ దగ్గరికి చేరుకుంది. కుర్చీలో తను రోజూ కూర్చునే మెత్త జిప్పు విప్పి, లోపలి దూది పక్కకు తోసి, అరచేతికన్నా కొంచెం పెద్దదైన ఒక పుస్తకం బయటికి తీసింది. ఆకుపచ్చ అట్ట. అంచులు అరిగి నల్లబడ్డాయి.

"ఇది ఇల్లు దాటలేదు," అంది.

కళావతి చూపు మెత్త మీంచి పుస్తకం మీదికి పోయింది.

"డెరెక్ ప్రతి వారం గేటు రిజిస్టరు చూస్తాడు. ఎవరో సంచితో వెళ్ళారని కనబడితే వెతుక్కుంటూ పోతాడని నాకు తెలుసు. ఈ దుమ్ములో సబ్హాన్ వెళ్ళి రావడానికి రెండు గంటలు తక్కువ కాదు. ఇవాళ బడికి సెలవు కాబట్టి ఉనా వస్తుంది. దుమ్ము లేచి బడి మూసిన రోజే రమ్మని, ఆ రోజు గేటు దగ్గర ఎవరూ నిలబడరని, కిందటి వారమే ఆస్పత్రి నర్సు చేత ఆమెకు చీటీ పంపాను."

ఉనా హోరన్ సాల్మియాలో ఒక ఇంగ్లీషు బళ్ళో టీచరు. బల్లిడారా పక్క ఊరి మనిషి. ఐర్లండ్ వాళ్ళు కలుసుకునే చోట మామాను ఒకసారి చూసి, నెల తిరక్కుండా ఇంటికి రెండుసార్లు వచ్చింది. మూడోసారి డెరెక్ సార్ గేటు దగ్గరే ఆపించేశాడు. హోరన్ అన్న పేరు ఇందాక మూడో ఇంటి దగ్గర వినబడ్డప్పుడే కళావతికి చురుక్కుమంది.

"ఆ తలుపు రెక్క మీద మోసిన ముసలామె వంశం ఉనాది," అంది మామా. "పుస్తకం ఆమె చేతికి ఇస్తే నేను నిశ్చింతగా పోతాను. ఇంతకన్నా నాకు వేరే దారి లేకపోయింది, కళా."

"మరి నేను మామా?"

"ఉనా నీకు సాయం చేస్తుంది. ఎంబసీకి ఉత్తరం రాస్తాను. నువ్వు తీయలేదని నేనే చెబుతాను."

"నాకు సరే. వాడు?"

"ఎవరు?"

కళావతి చెమటలు పడుతూ బియ్యం బస్తాలో పొట్లం దాచిన రెండు రోజులూ, నిద్ర పట్టని నాలుగు రాత్రులూ, కుర్చీ అంచు మీద కూర్చుని చెప్పిన రెండు అబద్ధాలూ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. ఇవన్నీ ఒక కేకుల పుస్తకం కోసం. ఏరుకుని ఏరుకుని, పోయినా ఎవరూ అడగని మనుషుల్నే ఎరగా వేసింది ఈమె. గంజి తాగించినట్టే ప్రేమగా.

"నువ్వు గూడా ఆ దొర మనవరాలివే మామా," అంది తెలుగులో, తన ఊరి మాటలో, మొట్టమొదటిసారి ఆమెను నువ్వు అని.

"ఏమన్నావు?"

కళావతి ఇంగ్లీషులో చెప్పింది. మాటలు వెతుక్కుంటూ, ఒక్కొక్కటిగా చెప్పింది. "వాడి పేరు పెంచల్. ఇద్దరు ఆడబిడ్డలుండారు. మీరు వాడి పేరు అడగలేదు. మీ ముత్తాత అయినా పేర్లు రాసుకున్నాడు."

ముసలామె చేతిలోని పుస్తకం వైపు చూసుకుంది. ఎనభై ఏళ్ళు దాన్ని బట్టీ పట్టిన మనిషి, అందులో తన చేతిరాత కనబడినట్టు చూసింది. బయట గాలి తలుపును తోస్తోంది. ఆమె రెండు చేతులతో పుస్తకాన్ని ఎత్తి కళావతి వైపు చాచింది.

"తీసుకో. నీ పాస్‌పోర్టు డెరెక్ దగ్గరుంది. దీనికి బదులు ఇస్తాడు. ఉనాకు ఇస్తావో, వాడికి ఇస్తావో నీ ఇష్టం. నేను అడగను. అడిగే హక్కు నాకు లేదు."

కళావతి అందుకుంది. ఇంత భయానికి కారణమైన వస్తువు ఇంత తేలికగా ఉంటుందని ఆమె అనుకోలేదు. మధ్యలో ఒక పేజీ తెరిచింది. అక్షరాలు ఆమెకు చదవరాలేదు, కానీ పేర్ల వరస తెలుస్తోంది, వాటి పక్కన సిలువలు తెలుస్తున్నాయి. ఒకే వరసలో ఏడు సిలువలు. ఆమె వేలు వాటి మీద ఆగిపోయింది.

డెరెక్ సార్ వెళ్ళి గంట దాటింది. గేటు వైపు నుంచి ఏదో కారు వచ్చి ఆగింది. తలుపు మీద మూడు దెబ్బలు వినిపించాయి. "హెస్టర్, నేను, ఉనాని," అని గాలిలో తెగిపోతూ ఒక ఆడగొంతు.

మామా కదల్లేదు. కళ్ళతో కూడా అడగలేదు.

అప్పుడే కళావతి ఫోను మోగింది. తెర మీద పెంచల్ పేరు. ప్రాణం లేచొచ్చినట్టయి, "పెంచలా, పోయినావా?" అంది.

"నేను డెరెక్‌ని, కళావతీ." ఎప్పటిలాగే మెత్తటి గొంతు. "దుమ్ముకి వేసిన షట్టరు నేనొచ్చాకే తెరిచారు, నీ మనిషి లోపలే దొరికాడు. నా పక్కనే కూర్చున్నాడు. అతని ఇఖామా చూశాను. కేకుల పుస్తకం కూడా చూశాను. అసలుది ఎక్కడుందో చెప్పడానికి నీకు ఒక్క నిమిషం ఇస్తున్నాను. తర్వాత పోలీసులకు ఫోన్ చేస్తాను."

వెనక పెంచల్ ఏదో అంటున్నాడు. అక్కా అన్న మాట ఒక్కటే తెలిసింది. తలుపు మీద మళ్ళీ దెబ్బలు పడ్డాయి.

కళావతి తలుపు దగ్గరికి నడిచి, గడియ మీద చెయ్యి వేసింది. గురమ్మ గుర్తొచ్చింది. మంచులో గుంట పక్కన దించిన ముసలామె గుర్తొచ్చింది.

"సార్," అంది. "పుస్తకం నా చేతిలో ఉంది. తలుపవతల ఉనా మేడమ్ ఉంది. ఇప్పుడు మీకు ఒక్క నిమిషం నేనిస్తాండా. ముందు ఫోను పెంచల్‌కు ఇయ్యండి."

ఆమె గడియ సగం దాకా లాగి, ఆపి, లోపల్లోపల అరవై లెక్కపెట్టడం మొదలుపెట్టింది.